హాజరు ఆట

ఎనిమిదో తరగతి పిల్లలకు చరిత్ర చెప్పడానికి నేనొక ఆట తయారు చేశాను. ఆట బాగా నడిచింది. అది అంత బాగా నడిచినందువల్లే ఒక పిల్లవాడు రెండు రోజులు బడికి రాలేదు. చరిత్రలో జరిగిన అవమానాన్ని పిల్లల చేత ఆడించి నేర్పవచ్చునా, నేర్పితే ఆ హక్కు ఎవరిది అన్న ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. మనవాళ్లలో కొందరు ఇప్పటికే టీచర్లు, మరికొందరు రేపు కాబోతున్నారు. అందుకే ఇది ఇక్కడ రాస్తున్నాను.

నేను బీ.ఎడ్. రెండో ఏడాదిలో ఉండగా పదహారు వారాల ఇంటర్న్‌షిప్ మల్కాజ్‌గిరిలో, రైలు పట్టాలకు దగ్గర్లో ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో పడింది. రైలు వెళ్తున్నంత సేపు పాఠం ఆపాలి. పిల్లలకు అలవాటే, వాళ్లు ఆ నిమిషంలో మాట్లాడుకుంటారు. నాకే అలవాటు కావడానికి వారం పట్టింది. సాంఘిక శాస్త్రం నా మెథడాలజీ. మా రికార్డులో ప్రతి పాఠానికి 'కృత్యం' ఉండాలి, లేకపోతే దాని మీద సంతకం పడదు. దాంతో మాలో చాలామంది థర్మకోల్ షీట్లకూ రంగుల చార్టులకూ డబ్బు తగలేసి, చార్మినార్ బొమ్మ చేయించి కృత్యం అయిపోయిందనిపించేవాళ్లం. నేను అంతకంటే నిజమైన పని చేయాలనుకున్నాను. గిజుభాయి 'పగటి కల' చదివి ఉన్నాను. ఆ పుస్తకం చదివిన ఏ కొత్త టీచరుకైనా కాళ్లు నేల మీద నిలవవు.

నా మొదటి కృత్యం రైలు మీదే. మల్కాజ్‌గిరి మీదుగా బొల్లారం, మేడ్చల్, నిజామాబాద్ దాటి మన్మాడ్ దాకా వెళ్లే ఈ దారి నిజాం కాలంలో, 1900 ప్రాంతంలో వేసిన గోదావరి లోయ రైలు మార్గం. పట్టాలు మొదట మీటర్ గేజ్, తర్వాత పెద్దవయ్యాయి. రైలు రాకముందు సరుకు ఎలా కదిలేది అని పిల్లలను అడిగాను. ఎడ్లబండి అన్నారు. బండి దారి లేనిచోట? అక్కడ ఆగారు. అప్పుడు ఐదేసి కిలోల ఇసుక సంచులు నలుగురు పిల్లలకిచ్చి గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరకు మోయమన్నాను. ఆరో చుట్టుకు ఆయాసపడ్డారు. అప్పుడు వాచ్‌మన్ దగ్గర తోపుడు బండి తెచ్చి, అన్ని సంచులూ దాని మీద వేసి, ఒక్క అమ్మాయి చేత తోయించాను. మోసిన నలుగురూ చేతులు ఖాళీగా పెట్టుకుని నిలబడ్డారు. వాళ్లలో ఒకడు, "మరి ఇప్పుడు మా పని ఏంది టీచర్?" అన్నాడు. పుస్తకంలో రెండు పేజీలు చదివించినా రాని ప్రశ్న అది.

ఆ ప్రశ్న మావాళ్లది. లంబాడీలు ఎడ్ల మీద ధాన్యమూ ఉప్పూ మోసినట్టే, ఎరుకలవాళ్లు కోస్తా నుంచి ఉప్పు పైప్రాంతాలకు తీసుకుపోయి ధాన్యానికి మార్చుకునేవాళ్లు. రైళ్లు, ఆంగ్లేయుల ఉప్పు విధానం కలిసి ఆ వ్యాపారాన్ని ఎలా తీశాయో చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ వివరంగా రాశారు. పని పోయినా తిరగడం మానలేదు కాబట్టి, తిరిగేవాడు దొంగ అన్న అనుమానం మొదలైంది. 1871లో నేరజాతుల చట్టం వచ్చింది. మొదట ఉత్తరాదిన, 1911 చట్టంతో మద్రాసు రాజధానిలోనూ. ఒక కులాన్ని ప్రకటించేస్తే చాలు, అందులో పుట్టినవాడు ఏ నేరమూ చేయకపోయినా పేరు రిజిస్టరులోకి ఎక్కవచ్చు. వేలిముద్ర, హాజరు, ఊరు దాటాలంటే చీటీ. కొందరిని సెటిల్‌మెంట్లకు తరలించారు. సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చిన స్టూవర్టుపురం వాటిలో ఒకటి, ఆ పేరు మద్రాసు ప్రభుత్వంలోని ఒక దొరది.

మా అమ్మమ్మ పుట్టిల్లు కృష్ణ అవతల. వాళ్ల నాన్న అర్ధరాత్రి లేచి వెళ్లి మునసబు ఇంటి ముందు నిలబడి 'ఉన్నానయ్యా' అని అరిచి వచ్చేవాడని ఆమె నవ్వుతూ చెప్పేది. ఆమె నవ్వును నేను చాలా ఏళ్లు అర్థం చేసుకోలేదు.

ఇది పిల్లలకు చెప్పాలనుకున్నాను. చెప్పడం కాదు, చేయించాలనుకున్నాను. మా మనస్తత్వశాస్త్రం తరగతిలో జేన్ ఎలియట్ గురించి విన్నాను. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, అమెరికాలోని అయోవా రాష్ట్రం రైస్‌విల్ అనే చిన్న ఊళ్లో ఆమె తన మూడో తరగతి పిల్లలను కళ్ల రంగును బట్టి రెండుగా విడదీసింది. ఒకరోజు ఒక రంగు గొప్పది, తర్వాత రెండోది గొప్పది. వివక్ష అంటే ఏమిటో ఆ తెల్లపిల్లలకు ఒళ్లు తెలిసేలా చేయాలన్నది ఆమె ఉద్దేశం. ఆ పని తప్పా ఒప్పా అని అక్కడ ఇప్పటికీ వాదనలున్నాయి. నాకు అప్పుడు వాదనలు గుర్తు రాలేదు, పద్ధతి మాత్రమే గుర్తుంది.

చీటీలు వేశాను. పదిమంది 'రిజిస్టరు మనుషులు' అయ్యారు. వాళ్లు ఆ రోజంతా ప్రతి పీరియడు మొదట్లో, చివర్లో లేచి వచ్చి నా నోట్‌బుక్‌లో స్టాంపు ప్యాడ్‌తో వేలిముద్ర వేయాలి. నీళ్లు తాగడానికి వెళ్లాలంటే చీటీ కావాలి. మిగతా పిల్లల్లో ఇద్దరు మునసబులు. పిల్లలు ఎగబడ్డారు. చివరి బెంచీవాళ్లు కూడా లేచి నిలబడ్డారు. మధ్యలో ఒకమ్మాయి, "టీచర్, ఎరుకలోళ్లంటే మా బ్రిడ్జి కింద బుట్టలు అల్లేటోళ్లే కదా? మన క్లాసుల కూడా ఉన్నడు" అని ఒక పిల్లవాణ్ణి వేలు పెట్టి చూపించింది. వాడికి చీటీలో ఏ పాత్రా రాలేదు. ఊరికే కూర్చుని చూస్తున్నాడు.

నేనేమన్నానో దాచను. "చూశారా, చరిత్ర ఎక్కడో లేదు, మన మధ్యే ఉంది" అన్నాను. పాఠం జీవితంతో కలిసిందని సంబరపడ్డాను.

మర్నాడు ఒక కాంపాస్ బాక్సు పోయింది. మునసబు ఆడిన పిల్లలిద్దరూ ఇంటర్వెల్‌లో ఆ పిల్లవాడి సంచి గుమ్మరించారు. చీటీలో పేరొచ్చిన పదిమందిలో ఒక్కరి సంచీ ముట్టుకోలేదు. 'స్టూవర్టుపురం' అన్న పేరు నేను పాఠంలో చెప్పిందే, అది వాడికి ముద్దుపేరయింది. ఆ బాక్సు తర్వాత దాని సొంతదారు ఇంట్లోనే దొరికిందట. దొరికిందని చెప్పి ఊపిరి పీల్చుకోవాలని నాకు లేదు. దొరక్కపోయి ఉంటే మాత్రం ఆ సంచి గుమ్మరించడం న్యాయమయ్యేదా?

రెండు రోజులు వాడు రాలేదు. మూడో రోజు సాయంత్రం వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. రేకుల గది ముందు వాళ్లమ్మ వెదురు బద్దలు చీలుస్తోంది. మా ఎరుకల మాటలో పలకరించాను. తలెత్తి చూసింది, జవాబు మాత్రం తెలుగులోనే ఇచ్చింది.

"ఆ కతలు మాకు తెల్వనియా టీచరమ్మా? మా అత్త చెప్పేది. ఇంట్ల చెప్పుకుంటే అది కత. బడిల చెప్తే పేరు పడతది."

చెప్పకూడదంటావా అని అడిగాను.

"చెప్పొద్దంటలేను. చెప్పినంక ఆనికి తోడు ఎవరుండాలె?" అని కాసేపాగి, "నువ్వు మావోళ్ల పిల్లవని ఆళ్లకు చెప్పినవా?" అంది.

లేదన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు, బద్దలు చీల్చుకుంటూ ఉండిపోయింది. పిల్లవాడు లోపల నుంచి బయటికి రాలేదు.

తిరిగి వస్తూ స్టేషన్ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నా మనసులో అంతవరకూ ఒక ధీమా ఉండేది: ఇది నా జాతి గాయం, కాబట్టి దీన్ని ఎలా చూపించాలో నిర్ణయించే హక్కు నాకుంది. బయటివాడు ఈ ఆట ఆడిస్తే తప్పు కావచ్చు, నేను ఆడిస్తే కాదు. కానీ నేను పెట్టింది నా గాయాన్ని కాదు. నా చేతిలో సుద్దముక్క ఉంది, ఒంటి మీద కాటన్ చీర ఉంది, పిల్లలు నన్ను 'టీచర్' అంటారు. నా ఇంటిపేరు చూసి నేనెవరో పోల్చుకోగలవాళ్లు ఆ బడిలో లేరు. నేను దాక్కున్నచోట సుఖంగా నిలబడి ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి బయటపెట్టాను. జాతి ఒకటే కావచ్చు, దాని బరువు ఇద్దరి మీదా ఒకేలా లేదు. ఆ పిల్లవాడు తన కథ చెప్పమని నన్ను అడగనూ లేదు, నేను వాణ్ణి అడగనూ లేదు. ఒక సమూహానికి చెందడం, ఆ సమూహంలో మరొకరి తరఫున తెగించే అధికారం ఇవ్వదు. ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది. మన నాయకులకూ, మనలాంటి రాసేవాళ్లకూ కూడా ఇది వర్తిస్తుందనుకుంటాను.

నాతో పాటు ఇంటర్న్‌షిప్ చేస్తున్న లంబాడీ మిత్రుడు దీనికి ఒప్పుకోలేదు. "అయితే నోరు మూసుకుందామా? మనం చెప్పకపోతే సినిమావాళ్లు చెప్తారు" అన్నాడు. అతని మాటలో బలం ఉంది. 1991లో 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్', 2023లో 'టైగర్ నాగేశ్వరరావు'. మా పిల్లలకు ఆ ఊరి పేరు ఎక్కడి నుంచి తెలుస్తుందో వేరే చెప్పాలా? ఆ అమ్మాయి వేలు చూపించడానికి నేను నేర్పింది కొంతే, మిగతాది ఆమె దగ్గర ముందే ఉంది. మౌనంగా ఉంటే ఆ ముందే ఉన్నది అలాగే ఉంటుంది. కాబట్టి చెప్పాలా వద్దా అన్న దగ్గర నాకు సందేహం లేదు. ఎవరి ఒంటి మీద చెప్పాలి అన్నదే చిక్కు.

జేన్ ఎలియట్ చేసినదానికీ నేను చేసినదానికీ తేడా అక్కడే ఉంది. నీలి కళ్లు తక్కువన్న మాట ఆ ఊరి వీధిలో లేదు, ఆ తరగతి గదిలోనే పుట్టింది. గంట కొట్టి ఆట ఆపేస్తే పిల్లలు దాన్ని గదిలో వదిలి ఇంటికి వెళ్లే వీలుంది. 'ఎరుకల' అన్న మాట మా గదిలో పుట్టలేదు. వీధిలో, బస్సులో, తిట్లలో ముందే ఉంది. నా గంట కొట్టినా అది ఆగదు. చీటీలు వేసి అందరికీ సమానంగా పాత్రలు పంచానని నేను అనుకున్నాను. బడి బయట చీటీలు ఎప్పుడో వేసేశారు.

పోనీ, మిగతా పిల్లలకైనా ఏదైనా తెలిసిందా? ఆ వారం స్లిప్ టెస్టులో 'రిజిస్టరులో ఉన్నవాళ్లకు ఎలా అనిపించి ఉంటుంది' అని అడిగాను. 'చిరాకు', 'మాటిమాటికీ లేవడం బోరు', 'నీళ్లకు పోనియ్యలేదు'. వాళ్లను తప్పుపట్టను, వాళ్లకు నేను ఇచ్చింది అంతే. తరతరాల భయాన్ని ఒక రోజు చిరాకుగా మార్చి చేతికిచ్చాను. బాధను నటింపజేస్తే సానుభూతి పుడుతుందని మేం పరీక్షల్లో రాస్తాం. కొన్నిసార్లు అసలు బాధ చిన్నదైపోతుంది కూడా, 'ఇంతేనా' అనిపిస్తుంది.

మన ప్రాంతంలో కొమురం భీం వేషం వేయని బడి తక్కువ. ఆ వేషం కోసం పిల్లలు పోట్లాడుకుంటారు. నిజాం పోలీసు వేషానికి ఎవరూ ముందుకు రారు, చివరికి నోరులేని పిల్లవాడికి అది తగిలిస్తాం. అది కూడా ఎప్పుడైనా ఆలోచించామా? భీం 1940లో నేలకొరిగిన జోడేఘాట్‌లో గోండులు ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి కలిసినప్పుడు పూజ చేస్తారు, దర్బారు పెడతారు, అధికారులను కూర్చోబెట్టి భూముల సంగతి అడుగుతారు. జ్ఞాపకం అక్కడ అడగడంతో కలిసి ఉంటుంది. నా ఆటలో అడగడం లేదు, అనుభవించడమే ఉంది. ఆ మాట నాకు దారి చూపించింది.

పిల్లవాడు బడికి వచ్చాక వాణ్ణి పక్కకు పిలిచి, ఆ పాఠం మళ్లీ చెప్పాలనుకుంటున్నాను, చెప్పనా అని అడిగాను. చాలాసేపు కిటికీలోంచి చూసి, "నా దిక్కు చూడకుండ చెప్పండి టీచర్" అన్నాడు.

ముందు నా సంగతి చెప్పాను. మా అమ్మమ్మ, వాళ్ల నాన్న, 'ఉన్నానయ్యా' అనే కేక. క్లాసు నిశ్శబ్దమైపోయింది. తర్వాత ఒకమ్మాయి, "మీకు బుట్టలు అల్లుడు వస్తదా టీచర్?" అంది. రాదన్నాను. నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వు తర్వాత కొంచెం గాలి ఆడింది.

ఈసారి ఎవరికీ పాత్రలు లేవు. బావి తాడు ఒకటి తెచ్చాను. ఏడాదికి బెత్తెడు చొప్పున ముడులు వేయమన్నాను. ఎవరి బెత్తెడు అని పెద్ద తగువు. చివరికి క్లాసు లీడరు చెయ్యి ఖాయమైంది. 1871 నుంచి మొదలుపెట్టి వరండా పొడవునా తాడు పరిచాం. చట్టం పుట్టిన ముడికి ఎర్రగుడ్డ, 1911కు ఇంకొకటి, స్వాతంత్ర్యానికి జెండా రంగు కాగితం, నిజాం రాజ్యం కలిసిన 1948కి ఒకటి, నేరజాతుల చట్టం దేశమంతటా రద్దయిన 1952 ఆగస్టు 31కి తెల్లగుడ్డ. మద్రాసు రాష్ట్రం దాన్ని 1947లోనే తీసేసిందని కూడా చెప్పాను. పిల్లలు తాడు మీద నడుస్తూ లెక్కపెట్టారు. జెండా కాగితం దగ్గర ఒకడు ఆగి, ముందున్న తెల్లగుడ్డను చూసి, "స్వాతంత్ర్యం వచ్చినంక కూడా ఐదు ముడులున్నయి టీచర్. ఆ ఐదేండ్లు ఏమైంది?" అన్నాడు. ఈ ప్రశ్న మన విముక్త జాతుల సంఘాలు ఎప్పటి నుంచో అడుగుతున్నదే. ఒక పిల్లవాడు తాడు ముడులు లెక్కపెట్టి అక్కడికి చేరాడు. ఆ తర్వాత వచ్చిన అలవాటు నేరస్థుల చట్టాల గురించి చెప్పేసరికి, తెల్లగుడ్డను అక్కడ కట్టాలా వద్దా అని వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. నేను తీర్పు చెప్పలేదు.

తర్వాత జట్టుకొక కాగితం ఇచ్చాను. మీరు రిజిస్టరు రాసే గుమాస్తాలు, గడులు నేను గీశాను, చూడండి అన్నాను. పేరు, తండ్రి పేరు, కులం, ఒంటి మీది గుర్తులు, వేలిముద్ర, ఎక్కడికి వెళ్తున్నాడు, ఎప్పుడు వస్తాడు. నింపొద్దు, చదివి ఏం లేదో చెప్పండి అన్నాను. పది నిమిషాలు గుసగుసలు. వయసు లేదన్నారు, చదువు లేదన్నారు. ఆఖరికి, అప్పుడు వేలు చూపించిన ఆ అమ్మాయే, "ఏం తప్పు చేసిండో రాసే గడి లేదు టీచర్" అంది. ఆ పిల్ల అలా అన్నప్పుడు నేను ఆ పిల్లవాడి వైపు చూడలేదు. చూడనని మాట ఇచ్చాను కదా.

ఈ రెండో పాఠంలో పిల్లల చేతులు పనిచేశాయి, కానీ ఎవరి మెడా వంగలేదు. కలం పట్టినవాడు ఏం చేశాడో పరీక్షించారు గానీ, కలం కింద పడ్డవాణ్ణి నటించలేదు. తేడా ఇదేనని నాకనిపిస్తుంది. అయినా గట్టిగా చెప్పలేను. గుమాస్తా కుర్చీలో కూర్చోబెట్టడం వల్ల ఆ కుర్చీ మీద మోజు పుట్టదా అని నా మిత్రుడు అడిగాడు, నా దగ్గర జవాబు లేదు. ఒక పాఠంతో వీధి మారిపోయిందని కూడా అనలేను. ఆ ముద్దుపేరు పూర్తిగా పోలేదు, నా చెవిన పడకుండా అనడం నేర్చుకున్నారు. పిల్లవాడు మాత్రం చివరి వారంలో వరండాలో తాడు చుట్టిపెట్టే పని తనకు తానుగా తీసుకున్నాడు. ముడులు చిక్కుపడకుండా, వాళ్లమ్మ తడక చుట్టినట్టు, చక్కగా చుట్టాడు. ఆ తాడు ఆ బడిలోనే ఉంది.

ఇంటర్న్‌షిప్ అయ్యాక రికార్డు కాలేజీలో ఇచ్చేశాను. హాజరు ఆట ఆడించిన రోజు పేజీలో లక్ష్యం, సామగ్రి, కృత్యం అన్నీ చక్కటి దస్తూరితో నింపి ఉన్నాయి. 'ఫలితం' దగ్గర 'విద్యార్థులందరూ ఉత్సాహంగా పాల్గొన్నారు' అని నేనే రాశాను, ఆ సాయంత్రమే, సంచి గుమ్మరించక ముందు. కింద ఎర్ర ఇంకుతో 'చాలా బాగుంది' అని సంతకం ఉంది. దాన్ని కొట్టేసి మళ్లీ రాయడానికి ఇంకా వెళ్లలేదు.